మెంతులు తినేది మనమొక్కరమే కాదు

మెంతులు షుగరుకి మంచివన్న మాట తెలుగిళ్లలో వినని వాళ్లుండరు. రాత్రి చెంచాడు గింజలు నీళ్లలో నానేసి, పొద్దున్నే పరగడుపున ఆ నీళ్లు తాగి, గింజలు నమిలి మింగేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ మాటలో నిజమెంత, ఆ గింజ మన లోపలికి వెళ్లాక ఏ దారిన పోతుంది, చివరికి ఎవరి నోట పడుతుంది అన్నది ఈ పూట మాట్లాడుకుందాం. ఈ కథలో ఒక ముఖ్యమైన ఘట్టం హైదరాబాదులోనే జరిగింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. చాలామందికి ఎన్.ఐ.ఎన్. అంటేనే తెలుస్తుంది. అది పుట్టింది మాత్రం హైదరాబాదులో కాదు. 1918లో నీలగిరి కొండల్లో, కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒకే ఒక గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం దాన్ని మొదలుపెట్టారు. 1958లో అది హైదరాబాదుకి తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది. బెరిబెరి ఎందుకు వచ్చేదో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బియ్యాన్ని తెల్లగా మరపట్టించి, తవుడుతో పాటు బి1 విటమిన్‌ను కూడా పారబోసుకుని తినడం వల్ల కాళ్లు తిమ్మిరెక్కి, గుండె బలహీనపడి, ప్రాణాలు పోయేవి. గింజ మీది పొర ఊడగొట్టి తింటే మనిషికి ఏమవుతుందన్న ప్రశ్నతో పుట్టిన సంస్థ అది. నా దృష్టిలో ఈ నూరేళ్లలో ఆ ప్రశ్న పాతబడలేదు. జబ్బు పేరు మారింది, అంతే.

అదే సంస్థలో 1980లలో ఆర్.డి. శర్మ, టి.సి. రఘురాం, వాళ్ల సహచరులు మెంతుల మీద పని చేశారు. ఇంట్లో అమ్మమ్మ చెప్పే మాటను వార్డులో పరీక్షించి చూడాలన్న ఆలోచన వాళ్లది. ఇన్సులిన్ మీద ఆధారపడిన మధుమేహ రోగులకు పది రోజులు మామూలు భోజనం, పది రోజులు మెంతిపిండి కలిపిన భోజనం పెట్టారు. ఆ పిండిలోంచి నూనె తీసేశారు. చేదు తగ్గడానికి అదొక ఉపాయం. మెంతులు తిన్న రోజుల్లో పరగడుపు చక్కెర తగ్గింది. ఇరవై నాలుగు గంటల మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. కొలెస్ట్రాల్ కూడా దిగింది. ఈ ఫలితాలు 1990లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో అచ్చయ్యాయి. ప్రపంచంలో మెంతుల మీద ఎవరు రాసినా ఇప్పటికీ ఆ వ్యాసాన్ని తలుచుకోకుండా ఉండలేరు.

అయితే ఇందులో ఒక అంకె మీద నిలబడాలి. వాళ్లు పెట్టిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు. మధ్యాహ్నం సగం, రాత్రి సగం. ఒక చిన్న చెంచాడు మెంతులు తూచి చూస్తే నాలుగు గ్రాములు కూడా ఉండవు. పోపులో పడేవి అరగ్రాము ఉంటే గొప్ప. తర్వాత ఇన్సులిన్ అవసరం లేని రోగులతో రోజుకు 25 గ్రాములు పెట్టి, నెలల తరబడి చూసిన అధ్యయనాలు వచ్చాయి. అదైనా ఆరేడు చెంచాల పెట్టు. కాబట్టి పరగడుపున నాలుగు గింజలు మింగి, మాత్రలు మానేసి, రీడింగ్ ఎందుకు దిగలేదని దిగులుపడే వాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. పరిశోధన అబద్ధం కాదు, అమ్మమ్మా అబద్ధం చెప్పలేదు. మధ్యలో మోతాదు జారిపోయింది.

అంత మోతాదు ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే గింజ లోపల ఏముందో చూడాలి. మెంతిగింజ బరువులో దాదాపు సగం పీచే. అందులోనూ గెలాక్టోమన్నన్ అనే జిగురు పీచు ఎక్కువ. మెంతులు నానేస్తే గిన్నె అడుగున జారుడుగా చేతికి తగులుతుందే, అదే ఇది. తిన్న అన్నంతో కలిసి చిన్నపేగులో ఈ జిగురు చిక్కబడుతుంది. పిండిపదార్థం విడిపోయి చక్కెరగా మారినా, అది పేగు గోడను చేరి రక్తంలో కలవడానికి ఎక్కువసేపు పడుతుంది. భోజనం తర్వాత ఒక్కసారిగా ఎగిసే చక్కెర కాస్త నెమ్మదిస్తుంది. ఇదంతా రసాయనం కంటే భౌతికం. జిగురు ఉండాలంటే పదార్థం ఉండాలి, అందుకే గ్రాముల లెక్క. దీనికి తోడు మెంతుల్లో 4-హైడ్రాక్సీ ఐసోల్యూసిన్ అనే అరుదైన అమైనో ఆమ్లం ఉంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు ఇన్సులిన్ విడుదలను అది పెంచుతుందని జంతువుల్లో, ప్రయోగశాల కణాల్లో తేలింది.

చాలాకాలం మెంతుల కథ ఇక్కడితో ముగిసేది. జిగురు చిన్నపేగు దాటి పెద్దపేగులోకి దిగితే దాని పని అయిపోయినట్టే, ఇక మలంలో పోతుందని పుస్తకాలు చెప్పేవి. అసలు విషయం అక్కడే మొదలవుతుందని గత ఇరవై ముప్ఫై ఏళ్లలోనే గట్టిగా తెలిసింది.

మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 2016లో లెక్కగట్టారు. మన సొంత కణాలు దాదాపు 30 లక్షల కోట్లు. బ్యాక్టీరియాలో అత్యధిక భాగం నివాసం పెద్దపేగులోనే. పీచును విడగొట్టడానికి మన జన్యువుల దగ్గరున్న ఎంజైములు చాలా తక్కువ, ఇరవైకి లోపే. పేగుల్లో ఉండే బాక్టీరాయిడిస్ థీటాయోటామైక్రాన్ అనే ఒక్క బ్యాక్టీరియా జాతి దగ్గరే 260కి పైగా ఉన్నాయి. అంటే మెంతులు, జొన్నలు, గోరుచిక్కుడు, కందిపప్పు పొట్టు, ఇవన్నీ మనం నమిలి మింగుతున్నా వాటి పీచును అరిగించే నైపుణ్యం మాత్రం బ్యాక్టీరియాదే. ఆవు గడ్డి తింటుందంటాం. నిజానికి గడ్డిని అరిగించేది ఆవు కడుపులోని సూక్ష్మజీవులు. మన సంగతీ కొంతవరకు అంతే.

ఆ బ్యాక్టీరియా పీచును పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి గోడ కణాలు రక్తంలోని చక్కెర కంటే ఈ బ్యూటిరేట్ మీదే ఎక్కువగా బతుకుతాయి. వాటికి కావలసిన శక్తిలో 70 శాతం దాకా దాన్నుంచే వస్తుంది. మిగిలిన రెండు ఆమ్లాలు కాలేయానికీ, అక్కణ్నుంచి ఒంట్లోకీ వెళ్తాయి. ఇంకా ముఖ్యమైనది ఒకటుంది. పేగు గోడలో అక్కడక్కడా ఎల్-కణాలని ఉంటాయి. ఈ ఆమ్లాలు వాటిని తట్టినప్పుడు అవి జి.ఎల్.పి.-1 అనే హార్మోన్‌ను వదులుతాయి. ఆ హార్మోన్ క్లోమాన్ని ఇన్సులిన్ ఇమ్మంటుంది, ఆకలి తీరిందని మెదడుకి చెబుతుంది. బరువు తగ్గడానికి, షుగరుకి ఈమధ్య ఎంతో పేరొచ్చిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ చేసేది ఆ హార్మోన్‌ను అనుకరించడమే. ఇంజెక్షన్ బలం వేరు, పీచు బలం వేరు. రెండూ ఒకటే అని నేను అనను. కానీ ఒంట్లో తలుపు మాత్రం ఒకటే, ఆ తలుపు తట్టే వాటిలో మనం తినే పీచు కూడా ఉంది.

పీచు అందకపోతే ఆ బ్యాక్టీరియా ఏం చేస్తాయి? ఈ ప్రశ్నకు 2016లో మహేశ్ దేశాయి, ఆయన సహచరులు ఎలుకలతో చేసిన ప్రయోగం జవాబు చెప్పింది. మనుషుల పేగుల్లో ఉండే పద్నాలుగు జాతుల బ్యాక్టీరియాను మాత్రమే ఆ ఎలుకల్లోకి పంపి, కొన్నిటికి పీచున్న మేత, కొన్నిటికి పీచులేని మేత పెట్టారు. పీచులేని వాటిలో బ్యాక్టీరియా పస్తులుండలేదు. పేగు గోడ మీద రక్షణగా ఉండే జిగట పొరను తినడం మొదలుపెట్టాయి. పొర పలచబడింది. తర్వాత ఒక రోగక్రిమిని పంపితే, పీచులేని ఎలుకలే ఎక్కువ జబ్బుపడ్డాయి. పొర పలచబడితే బ్యాక్టీరియా పైతొడుగుల ముక్కలు రక్తంలోకి జారే వీలుంటుంది. వాటి వల్ల ఒళ్లంతా సన్నని మంటలాంటి వాపు మొదలై, ఇన్సులిన్ మాట కణాలు వినకుండా పోతాయని పాట్రిస్ కానీ అనే శాస్త్రవేత్త బృందం 2007లోనే ఎలుకల్లో చూపించింది. ఊబకాయానికీ, షుగరుకీ, పేగుకీ మధ్యనున్న దారి ఇది.

ఇప్పుడు మీలో ఎంతోమంది పొద్దునా రాత్రీ వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర దగ్గరికి వస్తాను. ఇదీ మొక్క దగ్గర మొదలైన కథే. యూరప్‌లో గలీగా అఫిసినాలిస్ అనే పశుగ్రాసపు మొక్క ఉంది. మెంతులూ అదీ ఒకే కుటుంబం, చిక్కుడు కుటుంబం. అందులోని గలెజీన్ అనే పదార్థం చక్కెరను తగ్గిస్తుంది కానీ విషం కూడా. దాని రసాయన బంధువుల్లో సాధువైనది మెట్‌ఫార్మిన్. 1922లో డబ్లిన్‌లో దాన్ని తయారుచేశారు. 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ షుగరు రోగుల మీద దాని ఫలితాలు ప్రకటించారు. అప్పటి నుంచి అది కాలేయం మీద పనిచేస్తుందనే చదువుకున్నాం. అది నిజమే. కానీ 2015లో డెన్మార్క్, స్వీడన్, చైనా రోగుల పేగు బ్యాక్టీరియాను పోల్చినప్పుడు, షుగరు జబ్బు తెచ్చిన మార్పులనుకున్న వాటిలో కొన్ని అసలు ఈ మాత్ర తెచ్చినవని తేలింది. 2017లో ఇంకో అడుగు ముందుకు పడింది. కొత్తగా జబ్బు బయటపడిన రోగులకు నాలుగు నెలలు మెట్‌ఫార్మిన్ ఇచ్చి, మాత్రకు ముందూ తర్వాతా వాళ్ల మలంలోని బ్యాక్టీరియాను సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించారు. మాత్ర వేసుకున్నాక తీసిన బ్యాక్టీరియా అందుకున్న ఎలుకలు చక్కెరను మెరుగ్గా తట్టుకున్నాయి. ఎలుకలకు మందు ఇవ్వలేదు, మందు మార్చిన బ్యాక్టీరియాను ఇచ్చారు. మాత్ర మొదలెట్టిన కొత్తలో కడుపుబ్బరం, విరేచనాలు రావడానికి కారణాల్లో ఈ బ్యాక్టీరియా మార్పులు కూడా ఉండవచ్చు.

మరి ఒకే మెంతిపొడి పక్కింటాయనకు పనిచేసి మనకు పనిచేయకపోవడం ఏమిటని అడగొచ్చు. మోతాదు, వయసు, జబ్బు ముదిరిన తీరు, ఇవన్నీ కారణాలే. వీటితో పాటు, మన పేగుల్లో ఎవరున్నారన్నది కూడా. స్వీడన్‌లో 2015లో కొందరికి మూడు రోజులు బార్లీ గింజల రొట్టె పెట్టి చూశారు. కొందరికి చక్కెర చక్కగా అదుపులోకి వచ్చింది, కొందరికి రాలేదు. వచ్చిన వాళ్ల పేగుల్లో ప్రివొటెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కువ. ఆకుకూరలు, పప్పులు, గింజధాన్యాలు తినే జనంలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మన దేశంలో చేసిన పరిశీలనల్లోనూ శాకాహారం ఎక్కువగా తినేవాళ్లలో ఇదే పైచేయి.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఈ తర్వాతి విషయం వినాలి. 2018లో మినెసోటాలో, ఆగ్నేయాసియా నుంచి వలస వెళ్లిన మోంగ్, కారెన్ ప్రజల పేగు బ్యాక్టీరియాను పరిశీలించారు. దేశం మారిన మొదటి నెలల్లోనే ప్రివొటెల్లా తగ్గడం మొదలైంది, మొక్కల పీచును విడగొట్టే సామర్థ్యం జారిపోయింది. అక్కడ పుట్టిన పిల్లల్లో ఇంకా ఎక్కువ జారింది. వాళ్లు తెలుగువాళ్లు కారు. కానీ అన్నం, ఆకుకూర పళ్లెం వదిలి డబ్బా తిండి పళ్లెంలోకి మారడం ఏ భాష వాళ్లకైనా ఒకటే. అమెరికా దాకా ఎందుకు, ఊళ్లోంచి నగరానికి మారిన కుటుంబంలో జొన్నరొట్టె పోయి బిస్కెట్టు వచ్చినా ఆ దారిలోనే నడుస్తున్నాం. స్టాన్‌ఫర్డ్‌లో సోనెన్‌బర్గ్ దంపతుల బృందం ఎలుకలను నాలుగు తరాల పాటు పీచు తక్కువ మేత మీద పెంచి చూసింది. తరం తరానికి కొన్ని బ్యాక్టీరియా జాతులు మాయమయ్యాయి. నాలుగో తరానికి మళ్లీ పీచు పెట్టినా పోయినవి తిరిగిరాలేదు. వాటిని బయటి నుంచి తెచ్చి ఎక్కించాల్సి వచ్చింది. మనుమలకు పొలం, బంగారం ఇవ్వాలని ఆరాటపడే మనం ఈ ఆస్తి గురించి కూడా ఆలోచించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇది బిడ్డకు తల్లి నుంచి కాన్పులోనూ, పాలతోనూ, ఇంటి తిండితోనూ చేరుతుంది.

పీచు సంగతి ఇలా ఉంటే, మొక్కల రంగులూ వగరులూ మరో అధ్యాయం. పసుపు, దానిమ్మ, నేరేడు, రాగుల ఎర్రపొర, వీటిలోని పాలీఫినాల్స్‌లో చాలా కొద్ది భాగమే చిన్నపేగులో రక్తంలోకి చేరుతుంది. మిగతాదంతా పెద్దపేగుకే. అనంతపురం తోటల్లో విరగకాసే దానిమ్మనే తీసుకోండి. దాని వగరును కొందరి పేగు బ్యాక్టీరియా యూరోలిథిన్ అనే కొత్త పదార్థంగా మారుస్తాయి. కొందరిలో మార్చవు. పండు ఒకటే అయినా ఇద్దరి రక్తంలో కనిపించేది ఒకటి కాదు. నువ్వుల్లోని లిగ్నాన్లనూ అలాగే బ్యాక్టీరియా ఎంటెరోలాక్టోన్‌గా మారుస్తాయి. యాంటీబయాటిక్స్ వాడిన వాళ్లలో ఆ పదార్థం నెలల తరబడి తక్కువగా ఉంటుందని ఫిన్లాండ్‌లో కొలిచి చూశారు. జలుబుకీ దగ్గుకీ మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ మాత్రలు నువ్వులుండల ఫలాన్ని కూడా దెబ్బతీస్తాయన్నమాట.

అందుకే నాకు సీసాల్లో అమ్మే సారం బిళ్లల మీద పెద్దగా నమ్మకం లేదు. మెంతుల్లోంచి ఒక పదార్థాన్ని, పసుపులోంచి ఇంకో పదార్థాన్ని లాగి బిళ్ల చేస్తే, బ్యాక్టీరియాకు అందాల్సిన మేత సీసా బయటే ఉండిపోతుంది. పైగా ప్రమాదం ఉంది. గాఢమైన పసుపు సారం బిళ్లల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి. కూరలో వేసే పసుపుతో ఆ భయం లేదు.

మన దేశంలో షుగరు రోగులు 10.1 కోట్ల మంది, దాని గుమ్మంలో ఉన్నవాళ్లు ఇంకో 13.6 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధన మండలి పెద్ద సర్వే 2023లో తేల్చింది. ఇంతమంది కంచాల్లో ఏముందన్నది చిన్న విషయం కాదు. పాలిష్ బియ్యం వంద గ్రాముల్లో పీచు మూడు గ్రాములకు లోపే. రాగుల్లో 11, జొన్నల్లో 10. ఈ లెక్కలు కూడా తార్నాక సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లోవే. రెండు వేల కేలరీల తిండిలో సుమారు 30 గ్రాముల పీచు ఉండాలని ఆ సంస్థ చెబుతోంది. మూడుపూటలా తెల్లన్నమే తినే ఇంట్లో అది నిండడం కష్టం. వారంలో కొన్ని పూటలు రాగిసంకటి, జొన్నరొట్టె, రోజూ ఒక పప్పు, ఒక ఆకుకూర, గోరుచిక్కుడో చిక్కుడో ఒక కూర, గుప్పెడు ఉలవలో శనగలో ఉంటే అందుతుంది. మెంతులు వీటి పక్కన నిలబడాలి, వీటి బదులు కాదు. మెంతికూర పప్పు, మెంతిమజ్జిగ, దోసెల పిండిలోకి మినప్పప్పుతో నానేసిన మెంతులు, ఇవన్నీ మన వంటింట్లో ఉన్నవే.

మెంతులు తినడం పెంచాలనుకునే వాళ్లకు నాలుగు మాటలు. ఒకేసారి ఎక్కువ మొదలుపెట్టకండి. చెంచాతో మొదలుపెట్టి, వారానికి కాస్త చొప్పున పెంచండి. పీచు కొత్తగా అందిన బ్యాక్టీరియా గాలి పుట్టిస్తాయి, కడుపు ఉబ్బరిస్తుంది, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. నీళ్లు ఎక్కువ తాగండి. పొడి మెంతులు నీళ్లు లేకుండా మింగకండి, గొంతులో ఉబ్బుతాయి. చెమటలో మెంతుల వాసన వస్తే కంగారుపడకండి, గింజలోని ఒక సుగంధ పదార్థం ఒంట్లోంచి అలాగే బయటికి వస్తుంది. గర్భిణులు కూరలో, పప్పులో తినవచ్చు కానీ మందులా పెద్ద మోతాదులో పొడి తీసుకోకూడదు. శనగ, వేరుశనగ పడనివాళ్లకు మెంతులు కూడా పడకపోవచ్చు. రక్తం పలచబడటానికి మందు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా మెంతిపొడి మొదలుపెట్టవద్దు. ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు మెంతులు పెంచినప్పుడు చక్కెర మరీ కిందికి పడిపోయి, ఒళ్లు వణికి, చెమటలు పట్టే అవకాశం ఉంది. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది మీరు నిర్ణయించుకోవద్దు. రోజుకు ఎన్ని చెంచాల మెంతులు తింటున్నారో ఒక కాగితం మీద రాసుకుని, ఇంట్లో చూసుకున్న రీడింగులతో పాటు ఈసారి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి.